అమ్మీటర్ పెట్టాలంటే ముందు వైరు విప్పాలి

నా ల్యాబ్ టేబుల్ సొరుగులో ఒక ఎర్ర ప్రోబు ఉంది. వోల్టులూ కరెంటూ కొలిచే మల్టీమీటర్‌కు తగిలించి సర్క్యూట్‌కు ఆనించే వైరు అది. సూదిలా ఉండాల్సిన దాని మొన కరిగి, మిరియపు గింజంత గుండు కట్టింది. తిరుపతిలో ఒక జూనియర్ కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో 18 ఏళ్లుగా పని చేస్తున్నాను. కరెంటు ప్రయోగాలు మొదలయ్యే రోజు పిల్లల చేతికి ముందుగా ఆ ప్రోబునే ఇస్తాను. అందరూ ఒకసారి పట్టుకుని చూసేదాకా మీటర్లు బీరువాలోంచి తీయను.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో జరిగిన సంగతి అది. ఒక చిన్న మోటారు ఎంత కరెంటు తీసుకుంటుందో చూడటానికి ఎర్ర ప్రోబును 10 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టాను. పనయ్యాక మీటరు ఆపి సంచిలో వేసుకున్నాను. మరుసటి రోజు ఇంటి దగ్గర బండి స్టార్ట్ కాలేదు. బ్యాటరీలో ఎన్ని వోల్టులున్నాయో చూద్దామని నాబ్‌ను వోల్టుల మీదికి తిప్పి, రెండు ప్రోబులూ బ్యాటరీ రెండు టెర్మినళ్లకు ఆనించాను. టప్‌మని నీలం మెరుపు వచ్చింది. ఎర్ర ప్రోబు బ్యాటరీకి అతుక్కుపోయింది. ఊడలాగేలోపు బొటనవేలు కాలింది, ఆ మచ్చ ఇంకా ఉంది.

నాబ్ వోల్టుల మీదే ఉంది కదా, మరి ఎందుకలా అయింది? 10 ఆంపియర్ల సాకెట్‌కూ, నల్ల ప్రోబు పెట్టే కామన్ సాకెట్‌కూ మధ్య మీటరు లోపల ఒక లావుపాటి తీగ ముక్క ఉంటుంది. నాబ్ ఎటు తిరిగి ఉన్నా ఆ తీగ అక్కడే ఉంటుంది. అంటే నేను ఆ రోజు బ్యాటరీ ప్లస్సునూ మైనస్సునూ ఒక తీగ ముక్కతో కలిపేశాను. చేతిలో ఉన్నది మీటరే అయినా బ్యాటరీకి మాత్రం అది షార్ట్ సర్క్యూటే.

దారిలో నిలబడి లెక్కపెట్టేది

10 ఆంపియర్ల సాకెట్‌లో ప్రోబు పెట్టిన మల్టీమీటరు అమ్మీటరే. అమ్మీటర్‌కు తెలిసింది ఒక్కటే, తనలోంచి ఎంత కరెంటు పోతోందో చెప్పడం. తనలోంచి పోని కరెంటు గురించి దానికేమీ తెలీదు.

మా ఊళ్లో పిల్లలకు ఇది చెప్పడం తేలిక. అలిపిరి నుంచి కొండకు ఎంతమంది నడిచి పోతున్నారో లెక్క కావాలనుకోండి. లెక్కపెట్టే మనిషి మెట్ల దారిలోనే నిలబడాలి, ప్రతి ఒక్కరూ అతన్ని దాటుకునే పోవాలి. పక్కన ఎక్కడో చెట్టు కింద కూర్చుంటే లెక్క రాదు. అమ్మీటర్‌ను సర్క్యూట్‌లో శ్రేణిలో, అంటే సిరీస్‌లో, కలపడం అంటే ఇదే. ఉన్న దారిని ఒకచోట తెంపి, ఆ తెగిన రెండు కొసల మధ్యా మీటరును నిలబెట్టాలి. తెంపకుండా పెట్టారంటే అది సిరీస్ కాదు, ఎక్కడో తప్పు చేశారని అర్థం.

ఆ లెక్కపెట్టే మనిషి దారికి అడ్డంగా నిలబడి ఒక్కొక్కరినీ ఆపుతుంటే క్యూ నెమ్మదిస్తుంది, అతను రాసుకునే లెక్కే మారిపోతుంది. అందుకే అమ్మీటర్‌ను తనలోంచి కరెంటు దాదాపు అడ్డు లేకుండా పోయేలా తయారు చేస్తారు. చవక డిజిటల్ మీటర్లలో 10 ఆంపియర్ల సాకెట్ లోపలి నిరోధం, అంటే కరెంటుకు పడే అడ్డు, ఓమ్‌లో నూరో వంతు దగ్గర ఉంటుంది. దాన్ని బల్బు పక్కన సమాంతరంగా, అంటే పారలల్‌గా, కలిపితే మెట్ల దారి పక్కనే ఖాళీ రోడ్డు ఒకటి తెరిచినట్టు. జనమంతా అటే పోతారు. ఓమ్ నియమంలో 12 వోల్టులను 0.01 ఓమ్‌తో భాగించి చూడండి, 1200 ఆంపియర్లు వస్తుంది. బ్యాటరీకి తనదంటూ కొంత నిరోధం ఉంటుంది, ప్రోబుల వైర్లకు ఉంటుంది కాబట్టి నిజంగా అంత రాదు. కానీ ప్రోబు మొనను కరిగించడానికి అందులో ఏ కొంచెం వచ్చినా చాలు.

తిరగేసి చేస్తే ఏమవుతుందని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. వోల్ట్‌మీటర్‌ను సిరీస్‌లో పెడితే ప్రమాదం లేదు. దాని నిరోధం లక్షల ఓమ్‌లలో ఉంటుంది కాబట్టి బల్బు వెలగదు, మీటరు మాత్రం దాదాపు బ్యాటరీ వోల్టేజీ అంతా చూపిస్తుంది. వైరింగ్ విప్పి సరిచేసుకుంటే సరిపోతుంది. అమ్మీటర్‌ను పారలల్‌గా పెట్టిన తప్పును మాత్రం దిద్దుకునే వ్యవధి ఉండదు.

ముందు కాగితం మీద

మీటరు తీసే ముందు ఎంత కరెంటు రావచ్చో లెక్క వేసుకోండి. వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు. మా ల్యాబులో నేను వాడేది బైకు ఇండికేటర్లలో, బ్రేకు లైట్లలో వచ్చే 12 వోల్టుల 21 వాట్ల బల్బు. 21ని 12తో భాగిస్తే 1.75 ఆంపియర్లు. అంటే 0 నుంచి 500 మిల్లీ ఆంపియర్ల మీటరు దీనికి పనికిరాదు, ముల్లు చివర ఉన్న పిన్నుకు కొట్టుకుని వంగిపోతుంది. 0 నుంచి 3 ఆంపియర్లది సరిపోతుంది. లెక్క వేయడానికి వీల్లేని సర్క్యూట్ అయితే, దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా పెద్ద రేంజితో మొదలుపెట్టి కిందికి దిగండి. కింది నుంచి పైకి ఎక్కడం వద్దు.

తర్వాత మీటరు ముఖం చూడండి. ఇంగ్లీషు ‘A’ అక్షరం పక్కనో కిందో అడ్డగీత ఉంటే అది డీసీ మీటరు, అల లాంటి గీత ఉంటే ఏసీది. డీసీ సర్క్యూట్‌లో మనకు కావాల్సింది గుర్రపు నాడా ఆకారంలో అయస్కాంతం బొమ్మ వేసి ఉండే మూవింగ్ కాయిల్ మీటరు. కరెంటు లేనప్పుడు ముల్లు సున్నా మీద ఉందో లేదో చూడండి. లేకపోతే ముఖం మధ్యలో చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని స్క్రూడ్రైవర్‌తో వెంట్రుకవాసి తిప్పితే సున్నాకు వస్తుంది. గట్టిగా తిప్పొద్దు, దాని వెనక ఉన్నది చాలా సన్నటి స్ప్రింగు.

కలపడం

టేబుల్ మీద బ్యాటరీ, స్విచ్, బల్బు, మీటరు పెట్టుకున్నారు. స్విచ్ ఆఫ్‌లో ఉంది. బ్యాటరీకి ఇంకా ఏ వైరూ తగిలించలేదు. ఇంతవరకూ సరిగ్గా ఉంటే, తర్వాత ఏం పొరపాటు చేసినా నష్టం తక్కువ.

ముందు మీటరు లేకుండానే సర్క్యూట్ కట్టి బల్బు వెలుగుతుందో లేదో చూడమంటాను. పిల్లలు దీన్ని దండగ పని అనుకుంటారు. వెలిగే సర్క్యూట్‌లో మీటరు చేర్చాక వెలగకపోతే తప్పు మీటరు దగ్గరే ఉందని తెలిసిపోతుంది. మొదటే అన్నీ కలిపేస్తే పది చోట్ల వెతుక్కోవాలి. వెలిగిందా? స్విచ్ ఆపి, బ్యాటరీ వైరు తీసేయండి.

ఇప్పుడు స్విచ్‌కూ బల్బుకూ మధ్య ఉన్న వైరును బల్బు దగ్గర విప్పండి. ఇప్పుడు రెండు కొసలు వచ్చాయి, ఒకటి స్విచ్ వైపుది, ఒకటి బల్బు వైపుది. ఆ ఖాళీలో మీటరు కూర్చోవాలి. ఏ టెర్మినల్ ఎటు అన్న దగ్గరే అందరూ తడబడతారు. నేను వేలితో చూపిస్తాను. బ్యాటరీ ప్లస్ మీద వేలు పెట్టి, వైరు వెంటే నడిపించుకుంటూ రండి. స్విచ్ దాటింది. మీటరు ఎదురైంది. అక్కడ వేలికి మొదట తగలాల్సింది ఎర్ర టెర్మినల్. మీటరు దాటి బయటికి వచ్చేది నల్ల టెర్మినల్ నుంచి. అక్కడి నుంచి బల్బు, ఆ తర్వాత బ్యాటరీ మైనస్.

మీటరును బల్బు అవతల, మైనస్ వైపు పెట్టినా ఇదే పద్ధతి. అటు పెట్టినప్పుడు చాలామంది ‘ఇది మైనస్ వైపు కదా’ అని నల్ల టెర్మినల్‌ను బల్బుకు తగిలిస్తారు. ముల్లు సున్నాకు ఎడమవైపు కొట్టుకుంటుంది. ప్లస్ నుంచి వేలు నడిపించుకుంటూ వస్తే ఆ తప్పు జరగదు. బల్బు దాటాక కూడా మొదట తగిలేది ఎర్రదే.

వైరు కొస టెర్మినల్ కింద ఎలా పెడుతున్నారో కూడా చూసుకోండి. దారం చుట్టిన రాగి తీగ అయితే అంగుళం మేర దారం వలిచి, పైన ఉన్న పూతను ఉప్పు కాగితంతో గీకి, రాగి ఎర్రగా మెరిసేదాకా తుడవండి. ఆ కొసను టెర్మినల్ మర చుట్టూ కుడివైపుకు, గడియారం ముల్లు తిరిగే దిశలో చుట్టండి. మర బిగించేకొద్దీ అది తీగను లోపలికి లాక్కుంటుంది. ఎడమవైపుకు చుట్టారా, బిగించేకొద్దీ తీగ బయటికి జారుతుంది. పైకి బిగువుగానే కనిపిస్తుంది, లోపల సగం మాత్రమే తాకుతుంటుంది, రీడింగ్ ఊగుతుంటుంది. ‘మీటరు పాడైంది మేడమ్’ అంటూ నా దగ్గరికి వచ్చే మీటర్లలో సగానికి పైగా జబ్బు ఈ చుట్టు దగ్గరే ఉంటుంది.

ఆఖరున బ్యాటరీ. కొత్తవాళ్ల చేత చేయించేటప్పుడు ప్లస్ వైరులో బండ్లలో వాడే 5 ఆంపియర్ల బ్లేడు ఫ్యూజు ఒకటి హోల్డర్‌తో సహా పెడతాను. ఆటో ఎలక్ట్రికల్ షాపుల్లో తక్కువ ధరకే దొరుకుతుంది. ఎక్కడైనా షార్ట్ అయితే ఫ్యూజు పోతుంది, మీటరు మిగులుతుంది. ఇంట్లో చేసుకునేవాళ్లు దీన్ని మాత్రం మానొద్దు.

బ్యాటరీ తగిలించాక స్విచ్‌ను ఒక్కసారి తట్టి వదిలేయండి. ఆ అర క్షణంలో ముల్లును చూడండి. కుడివైపుకు కదిలిందా, ఎడమకు కొట్టుకుందా, చివరిదాకా ఎగిరిందా? కుడివైపుకు కదిలి మధ్యలో ఆగేలా ఉంటేనే స్విచ్ వేసి ఉంచండి. బల్బు వేసిన తొలి క్షణంలో ముల్లు కాస్త ఎక్కువగా ఎగిరి దిగుతుంది, భయపడకండి. చల్లగా ఉన్న ఫిలమెంట్ నిరోధం వేడెక్కిన దానిలో పదో వంతు దగ్గర ఉంటుంది కాబట్టి మొదట్లో కరెంటు ఎక్కువ లాగుతుంది. మోటార్లు కూడా అంతే.

3 ఆంపియర్ల ముఖం మీద 30 గీతలుంటే ఒక్కో గీత 0.1 ఆంపియర్. ముల్లు 17వ గీత దాటి సగంలో నిలిచిందంటే 1.75. చదివేటప్పుడు ఒక కన్ను మూసి, ముల్లుకు సరిగ్గా ఎదురుగా తల పెట్టండి. ముఖం మీద అద్దం పట్టీ ఉన్న మీటరయితే ముల్లు నీడ ముల్లు వెనకే దాగేలా చూసుకోండి. పక్క నుంచి చూస్తే ఒక గీత అటో ఇటో వస్తుంది, ఆ ఒక్క గీతే 0.1 ఆంపియర్.

‘బల్బు తినేయదా మేడమ్?’

గత ఏడాది ఒకమ్మాయి మీటరును బల్బు ముందు నుంచి తీయడానికి ఒప్పుకోలేదు. ‘బల్బు కొంత కరెంటు తినేస్తుంది కదా మేడమ్, అవతల పెడితే తక్కువ చూపిస్తుంది’ అంది. నేను కాదనలేదు. ఒకే రకం మీటర్లు రెండు ఇచ్చి, ఒకటి ఇవతల, ఒకటి అవతల పెట్టమన్నాను. ఇవతలది 1.75, అవతలది 1.7 చూపించాయి. ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది, చూశారా అన్నట్టు.

‘ఇప్పుడు రెండు మీటర్లనూ ఒకదాని చోట ఒకటి మార్చు’ అన్నాను. మార్చింది. ఈసారి ఇవతలది 1.7, అవతలది 1.75. తేడా బల్బులో లేదు, మీటర్లలో ఉంది. చాలాసేపు ఆ రెండు ముళ్లనే చూస్తూ కూర్చుంది. బల్బు తీసుకునేది శక్తిని. కరెంటు ఎంత లోపలికి వెళ్తుందో అంతే బయటికి వస్తుంది. కిర్కాఫ్ 1845లో చెప్పిన నియమం పుస్తకంలో ఒక వాక్యంగా ఉంటుంది, ఆ పిల్లకు మాత్రం ఆ రోజు రెండు ముళ్లుగా కనిపించింది. ఒకే దారి ఉన్న సర్క్యూట్‌లో మీటరు ఎక్కడ పెట్టినా ఒకటే. దారి చీలిన చోట మాత్రం మీకు ఏ కొమ్మ లెక్క కావాలో ఆ కొమ్మలోనే పెట్టాలి.

మల్టీమీటర్ అయితే

ఇళ్లలో ఉండేది ఇదే. నల్ల ప్రోబు ఎప్పుడూ కామన్‌లోనే ఉంటుంది. ఎర్రదానికి రెండు చోట్లు. ఒకటి వోల్టులకు, ఓమ్‌లకు, మిల్లీ ఆంపియర్లకు కలిపి ఉండే సాకెట్, రెండోది 10 ఆంపియర్లది. చిన్న మీటర్లలో మొదటిదాని హద్దు 200 మిల్లీ ఆంపియర్లు, దాని వెనక ఫ్యూజు ఉంటుంది. 10 ఆంపియర్ల సాకెట్‌కు చాలా చవక మీటర్లలో ఫ్యూజే ఉండదు, ఆ మాట సాకెట్ పక్కనే ఇంగ్లీషులో రాసి ఉంటుంది. 10 ఆంపియర్లను 10 సెకన్లకు మించి పంపొద్దని కూడా రాసి ఉంటుంది. చదవండి.

మన 21 వాట్ల బల్బుకు 10 ఆంపియర్ల సాకెట్టే వాడాలి. నాబ్‌ను డీసీ ఆంపియర్లలో 10 మీదికి తిప్పి, తెగిన రెండు కొసల మధ్యా ప్రోబులు పెట్టండి. చేత్తో పట్టుకోవద్దు, క్రొకడైల్ క్లిప్పులు వాడండి. రీడింగ్ ముందు మైనస్ గుర్తు వస్తే ప్రోబులు తారుమారయ్యాయని అర్థం, మీటరుకేమీ కాదు. ముల్లు మీటరుకు లేని సౌకర్యం ఇది.

బల్బు వెలగడం లేదు, రీడింగ్ సున్నా అంటోంది, వైర్లన్నీ బాగున్నాయి, ప్రోబు మిల్లీ ఆంపియర్ల సాకెట్‌లో ఉంది అంటే ఫ్యూజు పోయి ఉంటుంది. వెనక మూత విప్పి, అదే ఆంపియర్ల ఫ్యూజు వేయండి. తీగ ముక్క చుట్టి నడిపించేవాళ్లను చూశాను. ఆ తీగ ఉన్నంతవరకూ ఆ మీటరు నా సొరుగులో ప్రోబుకు అన్నదమ్ముడే.

ఇంకొక సంగతి. 9 వోల్టుల బ్యాటరీ, 470 ఓమ్‌ల రెసిస్టర్, ఒక ఎర్ర ఎల్‌ఈడీ కలిపితే సుమారు 15 మిల్లీ ఆంపియర్లు పోతాయి. 200 రేంజిలో చూస్తే 14.9 వస్తుంది. రేంజిని 20కి దించితే 14.6 అంటుంది. రెండూ తప్పు కాదు. 20 రేంజిలో మీటరు తన నిరోధంగా 10 ఓమ్‌లను దారిలో పెడుతుంది, 200లో అయితే 1 ఓమ్ పెడుతుంది. ఆ 10 ఓమ్‌లు చేరాక కరెంటే నిజంగా కాస్త తగ్గింది, తగ్గినదాన్ని మీటరు నిజాయితీగా చూపించింది. తక్కువ వోల్టేజీ సర్క్యూట్లలో ఈ తేడా ఇంకా పెరుగుతుంది.

ఎలక్ట్రీషియన్ల దగ్గర క్లాంప్ మీటరు ఉంటుంది, వైరు విప్పకుండానే చూస్తారు కదా అంటారు కొందరు. మామూలు క్లాంప్ మీటరు ఏసీకే పని చేస్తుంది. డీసీ వైరుకు తగిలిస్తే ఎంత కరెంటు పోతున్నా సున్నా అంటుంది. డీసీ కొలిచే క్లాంప్ వేరే ఉంది, ఖరీదు ఎక్కువ. కొనేముందు దాని మీద డీసీ ఆంపియర్ల గుర్తు చూసుకోండి.

బావ పొలం దగ్గర

మా అక్క వాళ్లది పలమనేరు వైపు పల్లె. కౌండిన్య అడవి దగ్గర కావడంతో ఏనుగులు వచ్చి పంటను తొక్కి పోతాయి, అడవిపందులు సరేసరి. బావ పొలం చుట్టూ సోలార్ కంచె వేయించాడు. 40 వాట్ల ప్యానల్, దాని నుంచి బ్యాటరీకి పోయే కరెంటును అదుపు చేసే చార్జ్ కంట్రోలర్, 12 వోల్టుల బ్యాటరీ, కంచెకు షాకు పంపే పెట్టె. మొన్న వేసవిలో బావ ఫోన్ చేశాడు. ‘ఏమ్మా, తెల్లారేసరికి బ్యాటరీ చచ్చిపోతా ఉంది. ప్యానల్ పోయిందంటా ఉండారు. కొత్తది కొనమంటావా?’

‘నేనొచ్చేదాకా ఏమీ కొనొద్దు బావా’ అన్నాను. ఆదివారం మీటరు సంచిలో వేసుకుని బస్సెక్కాను. చిత్తూరు దాటి మొగిలి ఘాట్ ఎక్కి, బస్సు దిగేసరికి పదిన్నరయింది.

ముందుగా చెప్పాల్సిన జాగ్రత్త ఒకటుంది. షాకు పెట్టె నుంచి కంచెకు పోయే వైర్లలో వేల వోల్టులుంటాయి. మన మీటర్లు అటువైపు పెట్టేవి కావు. కొలవాల్సింది బ్యాటరీ వైపే. రెండోది, చార్జ్ అయ్యే బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ వాయువు వస్తుంది. నిప్పురవ్వ పడితే పేలుతుంది. బ్యాటరీ పెట్టె మూత తెరిచి కాసేపు గాలి ఆడనివ్వండి. ఆఖరి కలయిక ఎప్పుడూ బ్యాటరీ టెర్మినల్ మీద కాకుండా వైరు అవతలి కొస దగ్గర చేయండి.

మొదట షాకు పెట్టె ఎంత తింటోందో చూశాను. పెట్టె స్విచ్ ఆపి, బ్యాటరీ నుంచి దానికి వచ్చే ప్లస్ వైరును పెట్టె దగ్గర విప్పాను. ఎర్ర క్లిప్పు వైరుకు, నల్ల క్లిప్పు పెట్టె ప్లస్‌కు. స్విచ్ వేయగానే అంకెలు నిలబడలేదు, 0.1, 0.6, 0.2 అంటూ గంతులేశాయి. ఇలాంటి చోట డిజిటల్ మీటరు కన్నా ముల్లు మీటరు మేలు. సంచిలోంచి 1 ఆంపియర్ ముల్లు మీటరు తీసి దాని స్థానంలో పెట్టాను. పెట్టె ‘టక్’ మన్నప్పుడల్లా ముల్లు నాడి కొట్టుకున్నట్టు ఎగిరి దిగుతోంది, 0.2కీ 0.4కీ మధ్య. సగటున 0.3 అని రాసుకున్నాను. బావ కంచెను పగలూ రాత్రీ ఆన్‌లోనే ఉంచుతాడు. ఆంపియర్లను గంటలతో గుణిస్తే ఆంపియర్ అవర్లు, 24 గంటలకు 7.2.

ఇక వచ్చేది ఎంత? పెట్టె ఆపేశాం. కంట్రోలర్‌కు ప్యానల్ కరెంటు వస్తుండగా బ్యాటరీ వైరు విప్పకూడదు, ముందు ప్యానల్‌ను ఆపాలి. దానికి స్విచ్ లేదు, ఎండ ఉన్నంతసేపు అది ఆన్‌లోనే ఉంటుంది. అక్క ఇంట్లోంచి మందపాటి దుప్పటి తెచ్చి ప్యానల్ మీద కప్పింది. అప్పుడు కంట్రోలర్ నుంచి బ్యాటరీకి పోయే ప్లస్ వైరును కంట్రోలర్ దగ్గర విప్పి, మధ్యలో మీటరు పెట్టాను. ఇక్కడ కరెంటు కంట్రోలర్ నుంచి బ్యాటరీలోకి పోతుంది కాబట్టి ఎర్ర క్లిప్పు కంట్రోలర్‌కు, నల్లది బ్యాటరీకి పోయే వైరుకు. వేలు ఇప్పుడు ప్యానల్ ప్లస్ నుంచి నడవాలి. దుప్పటి తీయగానే 0.8 ఆంపియర్ వచ్చింది. మిట్టమధ్యాహ్నపు ఎండలో 40 వాట్ల ప్యానల్‌కు అది చాలా తక్కువ. 5 గంటల మంచి ఎండ అనుకున్నా 4 ఆంపియర్ అవర్లే. తినేది 7.2, వచ్చేది 4. బ్యాటరీ తెల్లారకముందే చచ్చిపోవడంలో వింతేముంది?

‘చెప్తిని కదా, ప్యానల్ పోయినట్టే’ అన్నాడు బావ.

అప్పుడే నేను ఇంతవరకూ వద్దన్న పని చేశాను. దుప్పటి కప్పి, ప్యానల్ వైర్లు రెండూ కంట్రోలర్ నుంచి పూర్తిగా తీసేసి, మీటరును నేరుగా ప్యానల్ ప్లస్సుకూ మైనస్సుకూ పెట్టాను, 10 ఆంపియర్ల సాకెట్‌లోనే. దుప్పటి తీస్తే 2.1 ఆంపియర్లు. సోలార్ ప్యానల్ బ్యాటరీ లాంటిది కాదు. ఎండ ఎంత ఉంటే అంతవరకే కరెంటు ఇవ్వగలదు, షార్ట్ చేసినా అంతకు మించి రాదు. ఆ అంకె ప్యానల్ వెనక చీటీ మీద షార్ట్ సర్క్యూట్ కరెంటు అని రాసి ఉంటుంది, ఇక్కడ 2.4. ఈ సడలింపు ఇలాంటి చిన్న ప్యానల్‌కు, అదీ బ్యాటరీ నుంచి పూర్తిగా విడిపోయి ఉన్నప్పుడు మాత్రమే. పెద్ద ప్యానళ్లు వరసగా కలిపిన ఇంటి మీది సోలార్ జోలికి ఇలా పోకండి.

ప్యానల్ దగ్గర 2.1, బ్యాటరీ దగ్గర 0.8. అంటే ప్యానల్ బాగుంది, దారి బాగాలేదు. వైరు వెంట వేలు పెట్టి నడిచాను. కంబం మీద నుంచి దిగే చోట ఎవరో వైరును ముడేసి టేపు చుట్టారు. టేపు విప్పితే లోపల రాగి పచ్చగా చిలుము పట్టి ఉంది, ముట్టుకుంటే నాలుగు పోగులు రాలిపోయాయి. బ్యాటరీ ప్లస్‌కు వైరును బిగించే లోహపు ముక్క, లగ్గు, చుట్టూ తెల్లటి పొడి. వేడినీళ్లలో వంటసోడా కలిపి, వైరు తీసేసిన లగ్గును అందులో కడిగాను. చిలుము పట్టిన వైరును నాలుగంగుళాలు కోసేసి, మంచి రాగి కనిపించేదాకా వలిచి, మెలిపెట్టకుండా కనెక్టర్ మరతో బిగించాను. ఆ సోడా నీళ్లు బ్యాటరీ లోపలికి పోకుండా చూసుకోవాలి. ప్యానల్ మీది దుమ్మును బావ తడిగుడ్డతో తుడిచాడు.

కలిపేటప్పుడు ముందు బ్యాటరీ, తర్వాత ప్యానల్. విప్పేటప్పుడు ముందు ప్యానల్, తర్వాత బ్యాటరీ. మళ్లీ మీటరు పెట్టి దుప్పటి తీశాం. 2.0. ఎండ అదే, ప్యానల్ అదే. రోజుకు 10 ఆంపియర్ అవర్లు. బావ మాట్లాడకుండా పెట్టె మూత లోపలివైపు సుద్దముక్కతో ‘మధ్యాహ్నం 2.0’ అని రాసుకున్నాడు. నెలకోసారి చూసుకో బావా, 1.5కి దిగితే ముందు ఆ జాయింటు విప్పి చూడు అని చెప్పి, మీటరు ఎలా పెట్టాలో రెండుసార్లు అతని చేతే చేయించాను. రెండోసారి దుప్పటి కప్పడం మర్చిపోబోతే అక్కే గుర్తు చేసింది.

తీసేటప్పుడు

ముందు స్విచ్ ఆపండి, లేదా ప్యానల్ కప్పండి. బ్యాటరీ వైరు తీయండి. మీటరు తీశాక తెగిన రెండు కొసల్నీ ముందున్నట్టే కలిపి, బల్బు వెలుగుతుందో, కంచె ‘టక్’ మంటుందో చూడండి. మీటరు పెట్టి రీడింగ్ రాసుకుని, సర్క్యూట్‌ను తెగిన చోటే వదిలేసి వచ్చేవాళ్లు చాలామంది.

ఆ తర్వాత, మీటరును సంచిలో వేసే ముందు, ఎర్ర ప్రోబును 10 ఆంపియర్ల సాకెట్‌లోంచి పీకి వోల్టుల సాకెట్‌లో పెట్టి, నాబ్‌ను ఆఫ్‌కు తిప్పండి. మా ల్యాబులో ఆ పని పూర్తయిందని నా కళ్లతో చూసేదాకా రికార్డు మీద సంతకానికి పంపను.